బొగ్గు షేర్ల మీద మా అన్నయ్య సంతకం

ఈ రైలు లైను మీద తెలుగువాళ్ళు నలుగురు కలిసిన చోట ఒక కథ చెప్పుకుంటారు. బిలాస్‌పూర్ ఇంజన్ల షెడ్డులో ఒక డ్రైవరు ఏదో పెద్ద కంపెనీలో వాటాలు కొన్నాడట. కొన్నాళ్ళకి వాటిని పెళ్ళాం పేరు మీదికి మార్చబోతే, సంతకం నీది కాదు పొమ్మని కంపెనీవాళ్ళు కాయితాలు తిప్పికొట్టారట. తన సంతకం తనకే రాని డ్రైవరని చెప్పి అందరూ నవ్వుతారు. ఈ కథ నేను రాయగఢ్‌లో విన్నాను, గోందియాలో విన్నాను. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం మీద ఒక పెద్దమనిషి నాకే చెప్పి, నేను నవ్వలేదని నొచ్చుకున్నాడు.

ఆ డ్రైవరు మా పెద్దనాన్న కొడుకు. అతని సంతకం అతనికి నిక్షేపంగా వచ్చు. కంపెనీ దగ్గర ఉన్న సంతకమే అతనిది కాదు. అది నేను పెట్టింది. ఈ ముక్క మా ఇంట్లో చెప్పాను, షెడ్డులో చెప్పాను. లైను పొడవునా పాకిపోయిన కథని వెంటపడి పట్టుకోలేను కనక ఇప్పుడు రాస్తున్నాను.

ముందు మా పేరు సంగతి చెప్పాలి. మా ఇళ్ళలో మొదటి మగపిల్లవాడికి తాత పేరు పెడతారు. మా తాతకి ఇద్దరు కొడుకులు కావడం చేత ఆ పేరు ఇద్దరు మనవలకి వచ్చింది, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం తేడా లేకుండా. తాత విజయనగరం పక్కనుంచి రైలు కట్ట వేసే రోజుల్లో కూలిజట్టుతో వచ్చి ఈ బిలాస్‌పూర్‌లోనే ఉండిపోయాడు. కోడళ్ళు మామగారి పేరు నోట పలకకూడదు. అందుకని మా అమ్మ గాని, పెద్దమ్మ గాని మమ్మల్ని పేరు పెట్టి పిలిచిన రోజు లేదు. అన్నయ్య పెద్దబాబు, నేను చిన్నబాబు. అన్నయ్యకి పెళ్ళయి వదిన వచ్చాక అది ఆవిడకి మొగుడి పేరు కూడా అయింది. దాంతో ఆ పేరు మా ఇంట్లో పూర్తిగా మూతపడింది. ఒకే ఊళ్ళో ఒకే పేరుతో ఇద్దరం తిరుగుతున్నామన్న సంగతి మాకే గుర్తుండేది కాదు.

"నా పేరెట్టి నన్ను పిలిచేవాడు కాల్‌మన్ ఒక్కడేరా. అదీ నిద్ర లేపి డ్యూటీకి తోలీడానికి," అనేవాడు అన్నయ్య.

నేను మెట్రిక్ అయ్యాక ఇక్కడ ఉద్యోగం దొరక్క కలకత్తా పోయి, ఒక షేర్ల బ్రోకరు ఆఫీసులో కొన్నేళ్ళు డెలివరీ గుమాస్తాగా పనిచేశాను. బేరాలు జరిగే హాల్లోకి నాకు ప్రవేశం లేదు. లోపల మా బ్రోకరు మనిషి కేకవేసి కొనేవాడు, అవతలివాడు తల ఊపి అమ్మేవాడు, బేరం తెగేది. సాయంత్రం నుంచీ మా పని. ఎవరు ఎవరికి ఏమి ఇవ్వాలో రెండు ఆఫీసుల గుమాస్తాలం సరిచూసుకునేవాళ్ళం. ఆ తరవాత అమ్మినవాడి వాటా పత్రాలూ, అతను సంతకం చేసిన బదిలీ కాయితమూ ఆఫీసు నుంచి ఆఫీసుకి సంచీలో మోసేవాళ్ళం. పత్రం మీద నెంబరూ కాయితం మీద నెంబరూ ఒకటేనా, సంతకం ఉందా, సాక్షి ఉన్నాడా, స్టాంపు అంటించారా అని చూసి, అన్నీ కుదిరితే డబ్బు. లోపల అరిచినవాళ్ళది పేరు, వీధుల్లో తిరిగేవాళ్ళది చెమట. ఆ పనిలో నాకు ఎదుగుబొదుగూ లేకపోయింది. ఉత్తచేతులతో తిరిగి వచ్చి, ఇక్కడి గూడ్స్ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. కలకత్తా వెళ్ళి ఏటి తెచ్చాడు అని కాలనీలో కొన్నాళ్ళు అనుకున్నారు.

అన్నయ్య మాత్రం అలా అనలేదు. డ్యూటీ లేని సాయంత్రాలు క్వార్టరు అరుగు మీద కూర్చోబెట్టి, కలకత్తా సంగతులు కథల్లా చెప్పించుకునేవాడు.

"అయితే ఒకడు అమ్మీసానంటాడు, ఒకడు కొనీసానంటాడు. మధ్యన కాయితం లేదు?"

"ఆ క్షణాన లేదు అన్నయ్యా. చిన్న పుస్తకంలో పెన్సిల్‌తో ఎవరి లెక్క వాళ్ళు గీసుకుంటారు."

"ఈలోగా రేటు పెరిగిపోయి, నాను అమ్మలేదురా నాయనా అనీస్తే?"

"అనడు. ఒక్కసారి అన్నవాణ్ణి మరి ఆ గుమ్మం తొక్కనివ్వరు."

"లైన్ క్లియర్ లేకండా బండి తోలీడమేటిరా అది! మా దగ్గర అలగ చేస్తే ఉద్యోగం పీకేస్తారు. మీ కలకత్తాలో మేడలు కడతన్నారు."

బదిలీ కాయితం సంగతి అతనికి బిల్టీతో పోల్చి చెప్పాను. గూడ్సులో సరుకు వేస్తే ఇచ్చే రసీదే బిల్టీ. బండి ఇంకా దారిలో ఉండగానే బిల్టీ వెనక సంతకం పెట్టి వేరేవాడికి ఇచ్చేస్తే, సరుకు ఆ వేరేవాడిది అయిపోతుంది. షేర్లూ అంతే, కాకపోతే కంపెనీ పుస్తకంలో పేరు మారితే గాని పని పూర్తికాదు.

"అచ్ఛా, అయితే నాను తోలిన వేగన్లలో సరుకు గతౌరా దగ్గర ఒకడిదీ, చాంపా దగ్గర ఇంకొకడిదీనా? తోలినోడికి తెలవకండానే?"

"తెలవకుండానే."

"ఓర్నీ!" అని చాలాసేపు నవ్వుకున్నాడు.

షేర్లంటే జూదమని మావాళ్ళ నమ్మకం. అన్నయ్యకి ఆ కోరిక వేరే దారిన పుట్టింది. అతని ఇంజనుకి వచ్చే బొగ్గులో ఒక గనుల కంపెనీ బొగ్గంటే అతనికి మహా ప్రీతి. ఆ బొగ్గు వచ్చిన రోజున ఆవిరి చకచకా లేస్తుంది, పొయ్యిలో రాయి కట్టదు, ఫైర్‌మన్ నడుము విరగదు. ఇంటికి వచ్చి, భోజనం బాగుందని చెప్పినట్టు ఆ బొగ్గు గురించి చెప్పేవాడు. ఒకరోజు అన్నాడు, "ఆ కంపెనీలో వాటాలుంటాయా? ఇన్నేళ్ళై తగలబెడతన్నాను, కొంచెం నాది కూడా అయితే బాగున్ను."

వాటాలు కొనవచ్చన్నాను. ఒక చవక పద్ధతి కూడా చెప్పాను. కొన్నవాడి పేరు గడి ఖాళీగా వదిలేస్తే, అమ్మినవాడి సంతకంతోనే ఆ కాయితం ఎన్ని చేతులైనా మారవచ్చు. స్టాంపు ఖర్చు మిగులుతుంది, అమ్ముకోవడమూ సులువు.

అన్నయ్య మొహం చిన్నబోయింది. "ఖాళీ గడి నాకెందుకురా? ఇంట్లో ఉన్నది అదే కదా. ఖర్చయితే అవనీ. వాళ్ళ పుస్తకంలో నా పేరు రాయించు. నాకు కావలసింది అదే."

సరేనని మా పాత ఆఫీసుకి రాశాను. కొన్నామంటూ వాళ్ళు పంపిన కాంట్రాక్టు నోటు వచ్చింది. అన్నయ్య దాన్ని దేవుడి పటం వెనక పెట్టాడు. తరవాత వాటా పత్రాలూ, బదిలీ కాయితమూ గూడ్స్ ఆఫీసు చిరునామాకి నా పేర, అంటే అతని పేర వచ్చాయి. అమ్మినాయన సంతకం బాగా వణికింది. ఎవరో వృద్ధుడు. ఇక మిగిలింది కొన్నవాడి సంతకం. అది పెట్టి కంపెనీ ఆఫీసుకి పంపాలి.

ఇక్కడ అన్నయ్య సంతకం గురించి చెప్పకపోతే నేను చేసిన పని బరువు తెలియదు. అతను పెద్దగా చదువుకోలేదు. క్లీనరుగా చేరి, ఫైర్‌మన్ అయి, డ్రైవరు పరీక్షకి వెళ్ళే ముందు ఇంగ్లీషులో పేరు రాయడం నేర్చుకున్నాడు. నేర్పింది నేనే. సుద్దముక్కతో ఇంజను వెనక బొగ్గు టెండరు ఇనపరేకు మీద రాసి, చెరిపి, రాసి నేర్చుకున్నాడు. షెడ్డులో నిలబెట్టిన ప్రతి టెండరు మీదా కొన్నాళ్ళపాటు మా తాత పేరే ఉండేది. ఆ సంతకం పెట్టేటప్పుడు అతను ఊపిరి బిగబట్టేవాడు.

కొన్నవాడు కూడా సంతకం పెట్టాలని నేను అతనికి ముందు చెప్పలేదు. కాయితం ఎదురుగా పెట్టి, ఇక్కడ పెట్టు అన్నయ్యా అంటే పడే సంబరం చూద్దామనుకున్నాను. ఈలోగా వానలు ముదిరి పెండ్రా పక్క కొండ ఘాట్‌లో రైలు కట్ట కోసుకుపోయింది. అన్నయ్య బండి అవతల చిక్కుకుంది. ఇవతల చూస్తే కంపెనీ పుస్తకాలు మూసే రోజు దగ్గరపడింది. ఆ రోజు దాటితే కొన్నాళ్ళపాటు ఏ పేరూ మార్చరు, ఆ ఏటి నివేదికా మీటింగు పిలుపూ పాత ఆసామీకే వెళతాయి. లైను ఎప్పుడు కుదురుతుందని కంట్రోలు వాళ్ళని అడిగాను. తెలీదన్నారు.

కలం తీసుకుని కొన్నవాడి గడిలో నా సంతకం పెట్టాను. అతని సంతకంలా గీయలేదు సుమా, నాది నేను మామూలుగా పెట్టుకున్నాను. పుట్టినప్పటినుంచీ నా పేరే కదా, ఇందులో దొంగతనం ఏముంది అనుకున్నాను. పక్క బల్ల గుమాస్తా సాక్షి సంతకం చేశాడు. ఎదుటివాడు తన పేరు తాను రాసుకుంటుంటే అతనికి మాత్రం అనుమానం ఎందుకు వస్తుంది?

కట్ట కుదిరి అన్నయ్య తిరిగి వచ్చాడు. కళ్ళు ఎర్రగా, ఒళ్ళంతా మసి. నేరుగా నా దగ్గరికే వచ్చి, "ఏటైనాది?" అన్నాడు.

"పంపేశాను, అందుతుంది."

"నా తండ్రే!" అని నా బుగ్గ గిల్లాడు. నాకు అప్పటికే ఇద్దరు పిల్లలు.

వాటా పత్రాలు తిరిగి వచ్చిన రోజు మా ఇంట్లో పండగే. పత్రం వెనకవైపు, ముసలాయన పేరు కింద, గుండ్రటి అక్షరాలతో కొత్త ఆసామీ పేరు రాసి ముద్ర వేశారు. అన్నయ్య దాన్ని అరుగు మీద నిలబడి బిగ్గరగా చదివాడు. పెద్దమ్మ గభాలున నెత్తిన చెంగు కప్పుకుని, "మాయదారి గుంటడా, మీ తాతని వీధిన పడీసి అలగ అరుస్తావేటి!" అంది. వదిన తలుపు వెనక చేరి చెవులు మూసుకుని నవ్వింది. అన్నయ్య మళ్ళీ చదివాడు.

అప్పటినుంచి అతనికి అది 'మన గని'. ఏటా వచ్చే నివేదిక నా చేత తెలుగులో చెప్పించుకునేవాడు. ఇంజను మీద ఫైర్‌మన్ పారతో బొగ్గు కింద ఒలికిస్తే, "ఒరే, నా బొగ్గురా అది, చూసి వెయ్యి," అని కేకలేసేవాడట. డైరెక్టర్ సాబ్ అని షెడ్డులో ఛత్తీస్‌గఢీ కుర్రాళ్ళు సలాములు పెట్టేవారు. ఇతనూ తీసుకునేవాడు.

కొన్నేళ్ళు గడిచాయి. ఒక శీతాకాలం అన్నయ్యకి నిమోనియా వచ్చి కష్టం మీద లేచాడు. లేచాక, వాటాలు వదిన పేర మార్చమన్నాడు. వదినకి చదవడం వచ్చు గాని రాయడం రాదు. అప్పట్లో ఆడవాళ్ళకి చాలామందికి అంతే. వేలిముద్ర వేయాలంటే మేజిస్ట్రేటు ఎదుట వేయాలి. నేనే తీసుకెళ్ళాను. ఆయన హిందీలో భర్త పేరు అడిగాడు. వదిన పలకలేదు. మళ్ళీ అడిగాడు. వదిన కాసేపు ఆలోచించి వేలితో నన్ను చూపించింది.

"ఇతను నీ భర్తా?"

"రామ రామ! మరిది."

"మరి ఇతన్నెందుకు చూపిస్తున్నావు?"

"ఆయన పేరు ఈ బాబు దగ్గరున్నాది," అంది వదిన. నేను తర్జుమా చేసేసరికి ఆ మేజిస్ట్రేటు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

అదంతా విని ఇంటిల్లిపాదీ నవ్వుతుండగా, అన్నయ్య కూర్చుని, ఊపిరి బిగబట్టి, అమ్మేవాడి గడిలో తన సంతకం పెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఆ క్షణాన నాకు పాత సంగతి తట్టలేదంటే ఎవరు నమ్ముతారు? తట్టలేదు. అందరితో పాటు నేనూ నవ్వుతున్నాను. చిరునామా మాత్రం ఈసారి గూడ్స్ ఆఫీసు వద్దని, లోకో షెడ్డుదే రాయించాడు. షెడ్డువాళ్ళు చూడాలని.

చూశారు. కవరు వచ్చేసరికి డ్యూటీ మారే వేళ. డ్రైవర్లూ ఫైర్‌మన్లూ గుమిగూడి ఉన్నారు. అన్నయ్య దాన్ని టైమ్‌కీపరు బెంగాలీ బాబు చేతికిచ్చి, అందరికీ వినపడేలా చదవమన్నాడు. ఆసామీ సంతకం మా దగ్గర ఉన్న సంతకంతో సరిపోలేదు, కాయితాలు తిప్పి పంపుతున్నాము. అంతే ఉంది అందులో. ఆ బాబు హిందీలో చెప్పాడు, ఒకడు ఛత్తీస్‌గఢీలో చెప్పాడు, ఇంకొకడు తెలుగులో చెప్పాడు. మూడుసార్లూ నవ్వారు.

"ఏటి గురూ, నీ సంతకం నీది కాదట!"

"డైరెక్టర్ సాబ్, ఇంతకీ మీరు మీరేనా?"

ఆ కవరు పట్టుకుని అన్నయ్య నా ఆఫీసుకి వచ్చాడు. నేను చదివాను. అప్పుడు తట్టింది.

"వాళ్ళ దగ్గర నా సంతకం ఎక్కడిదిరా? నానెప్పుడు పెట్టాను?" అని అడిగాడు.

అతను నా మీద అనుమానంతో అడగలేదు. తెలియక అడిగాడు. నేను పెట్టానన్నయ్యా అంటే అక్కడితో అయిపోయేది. నేను ఏమన్నానో మాటకి మాట రాస్తాను:

"కొన్నప్పుడు పెట్టావుగా. పెండ్రానుంచి తిరిగొచ్చిన రోజు. ఒళ్ళు తెలీని నిద్రమత్తులో ఉన్నావు, అందుకే తేడా వచ్చుంటుంది."

అన్నయ్య గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. వానలో చిక్కుకుని, నిద్రలేక వచ్చిన రోజది; అప్పటికే పంపేశానని ఆ రోజు నేనన్న మాట అతనికి గుర్తు లేదు. లేనిదాన్ని వెతుకుతూ అతని కళ్ళు అటూ ఇటూ కదలడం చూశాను. "అవునేమోరా," అన్నాడు చివరికి.

"నేను సరిచేయిస్తాలే, ఇలా ఇవ్వు."

సరిచేయడానికి ఏముంది? కొత్త కాయితం తెప్పించి, వదిన చేత మేజిస్ట్రేటు ఎదుట మళ్ళీ వేలిముద్ర వేయించి, అన్నయ్యకి చూపించకుండా, అమ్మేవాడి గడిలో నా సంతకం నేను పెట్టాను. కంపెనీవాళ్ళకి రెండూ అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. వాటాలు వదిన పేరు మీదికి మారిపోయాయి. చిన్నబాబు కలకత్తాలో ఊరికే ఉండలేదు, కంపెనీని ఒప్పించీసాడని కాలనీ అంతా చెప్పుకున్నారు. అన్నయ్య కూడా, "మా తమ్ముడు గనక సరిపోయింది. నాదేటుంది, నిద్రలో గీకీసాను," అని షెడ్డులో తనే చెప్పి తనే నవ్వేవాడట. కథ అలా బయల్దేరింది.

దాని ఫలితం నాకు చాలా రోజులకి గాని తెలియలేదు. జీతాల రోజున ఏదో పని మీద షెడ్డుకి వెళ్ళాను. బట్వాడా గుమాస్తా పెట్టె ముందు వరస కట్టారు. అన్నయ్య వంతు వచ్చింది. గుమాస్తా కలం అందించబోయి, వద్దని అన్నయ్య తల ఊపితే, సిరా దిండు జరిపాడు. అన్నయ్య బొటనవేలు అద్ది ముద్ర వేశాడు. ఎదురుగా ఉన్న నన్ను చూసి ఏదో హాస్యంలా అన్నాడు, "ఇదైతే నిద్రలో కూడా మారదు కదరా." సంతకం సరిపోలేదని జీతం కూడా తిప్పికొడతారేమోనని భయపడి, ఆ కవరు వచ్చిన నెలనుంచీ వేలిముద్రే వేస్తున్నాడట.

చూసి కూడా నేను చెప్పలేదు. ఇంటికి వచ్చి అన్నం తిన్నాను.

చివరికి నా చేత చెప్పించింది వదిన. కంపెనీ కవర్లు ఇప్పుడు ఆవిడ పేరున వస్తున్నాయి కదా, ప్రతిసారీ వేలిముద్ర ఎందుకు, తెలుగులోనైనా పేరు రాయడం నేర్చుకుందామని ఆవిడకి బుద్ధి పుట్టింది. పలకా బలపం పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"మీ అన్నయ్యని నేర్పమంటే నేర్పనన్నారు బాబూ. నాకే రాదు, నీకేటి నేర్పుతాను, చిన్నబాబుని అడగమన్నారు. నువ్వయినా నేర్పు."

ఆవిడ పలక మీద మొదటి అక్షరం రాయబోయి రాయలేకపోయాను. జరిగినదంతా చెప్పేశాను. పెండ్రా వాన, కలం, నిద్రమత్తు, రెండో కాయితం, అన్నీ. వదిన మొదట నవ్వుగా వింది, తరవాత నవ్వు పోయింది.

"జీతాల రోజున ఆ వేలు నలుపు చేసుకుని ఇంటికొస్తారు. సిరా వదలదు. కుంకుడురసం పెట్టి నాను రుద్దుతాను," అంది. "ఎంత గొప్పోరయ్యా మరిదిగారూ మీరు! ఇన్నాళ్ళై నా చేత రుద్దించారు."

"అన్నయ్యకి నువ్వే చెప్పు వదినా."

"నానెందుకు చెప్తాను? ఆయన పేరే నాను చెప్పను, ఆయన సంతకం ఊసు నాకెందుకు? నువ్వెళ్ళు."

వెళ్ళాను. అన్నయ్య అరుగు మీద బనీనుతో కూర్చుని ఉల్లిపాయా మిరపకాయా నంజుకుని చద్దన్నం తింటున్నాడు. చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆపలేదు. అతనూ ఆపించలేదు, తినడమూ ఆపలేదు. అంతా అయ్యాక చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. తిడతాడనుకున్నాను.

"అయితే నా సంతకం బాగానే ఉన్నట్టా?" అన్నాడు.

"బాగానే ఉంది అన్నయ్యా. ఎప్పుడూ బాగానే ఉంది."

"ఆ రోజు నిద్రలో నానేటీ పెట్టలేదు."

"పెట్టలేదు."

"ఎంత ఆలోచించినా గుర్తు రాలేదురా నాకు. బుర్ర పాడైనాదేమో అనుకున్నాను. సిగ్నలు చూసి కూడా ఒక్కోసారి ఫైర్‌మన్‌ని అడిగీవోణ్ణి, పడిందా లేదా అని." అప్పుడు కోపం వచ్చింది. "లేచి పోరా. నాకు చెప్తే ఏటి లాభం? నా చేతి సంగతి నాకు తెలీదా? నవ్వినోళ్ళకి చెప్పు."

మర్నాడు డ్యూటీ మారే వేళకి షెడ్డుకి వెళ్ళాను. అన్నయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు, నా వైపు చూడలేదు. నేను హిందీలో చెప్పాను. నవ్వినవాళ్ళలో సగం మంది లేరు, బదిలీ మీద పోయారు, కొందరు రిటైరయ్యారు. ఉన్నవాళ్ళు విన్నారు. ఒక ముసలి ఫైర్‌మన్, "అచ్ఛా, అందుకా! ఉస్తాద్ చెయ్యి అంత అధ్వాన్నం కాదని నేను అప్పుడే అన్నాను," అన్నాడు. అప్పుడు అలా ఎవరూ అనలేదు. ఒక కుర్రాడు మాత్రం, పాత కథే బాగుంది బాబూజీ అన్నాడు. వాణ్ణి అన్నయ్య వీపు మీద ఒకటి చరిచాడు.

ఆ నెల జీతాల రోజున అన్నయ్య నన్ను రమ్మని కబురు పెట్టాడు. కలం అడిగి తీసుకున్నాడు. గుమాస్తా ఒప్పుకోలేదు. ఇన్నాళ్ళూ వేలిముద్ర వేసినవాడు ఒక్కసారిగా సంతకం పెడితే ఎలా, తెలిసినవాడెవడైనా సాక్షిగా పక్కన సంతకం చేయాలన్నాడు. నేను ముందుకి వచ్చి చేశాను. గుమాస్తా ఆ రెండు సంతకాలనీ చదివి మండిపడ్డాడు.

"ఏమిటిది? ఒకే పేరు రెండుసార్లు! ఎవడికి వాడే సాక్షా?"

వరసలో నవ్వులు. నేను వివరించబోతే, నువ్వు తప్పుకోమన్నాడు. చివరికి టైమ్‌కీపరు బెంగాలీ బాబే వచ్చి, ఇతను ఇతనే, ఇది ఇతని చేతి రాతే అని రాసి, సాక్షి సంతకం చేశాడు. జీతం చేతిలో పడ్డాక కూడా అన్నయ్య కాసేపు అక్కడే నిలబడి, సిరా ఆరేదాకా ఆ గడిని చూశాడు. వెనకవాడు తోసేదాకా కదల్లేదు.

ఇంటికి నడుస్తుంటే దారిలో అడిగాడు.

"ఎందుకురా ఆ రోజు అలగ చెప్పావు?"

"భయమేసింది అన్నయ్యా. ఇంకొకరి బదులు సంతకం పెట్టానని తెలిస్తే ఉద్యోగం పోతుందని."

"అంతేనా?"

"అంతే."

అన్నయ్య తల ఊపాడు. మరి అడగలేదు. అప్పటినుంచీ మళ్ళీ మామూలుగానే ఉన్నాడు.

నేను చెప్పింది సగమే నిజం. భయం ఆ ఒక్క పూటది. ఆ తరవాత కూడా నేను నోరు విప్పకపోవడానికి కారణం వేరు. కంపెనీని ఒప్పించినవాడినని పేరు వచ్చాక, షెడ్డుకి వెళితే కుర్చీ వేసేవారు. చాయ్ తెప్పించేవారు. ప్రావిడెంటు ఫండు కాయితాలు, కోర్టు కాయితాలు పట్టుకుని నా గుమ్మంలో నిలబడేవారు. కలకత్తా వెళ్ళి ఏటి తెచ్చాడన్న మాట అప్పటితో ఆగిపోయింది. అన్నయ్య చెయ్యి పాడైందని అందరూ అనుకున్నంత కాలమే నా తెలివి నిలిచేది. ఆ రుచి మరిగి ఊరుకున్నాను. ఆ దారిలో, పక్కన నడుస్తున్న మనిషికి ఈ ముక్క చెప్పడానికి నాకు నోరు రాలేదు.

ఈ కాయితాలు రేపు వదినకి ఇస్తాను. ఆవిడ ప్రతి మాటా పైకి కూడబలుక్కుంటూ చదువుతుంది, అన్నయ్య అరుగు మీద పడుకుని వింటాడు. నేనూ అక్కడే కూర్చుంటాను. అతను ఏమంటే అది పడతాను.